చింతపండుతో తోమిన తూటాలు

మందుకొట్టు మేస్త్రీ గారు పోయారు. ఆ సంగతి నాకు చేపల రేవులో తెలిసింది. తలమీది గంప ఇంకా దించలేదు. మిషను బంగళాలో వంట చేసే ఆవిడ పైమెట్టు మీద నిలబడి, "అక్కా, మీ మేస్త్రీ గారు పోయారే! గంజి పట్టుకెళితే పలకలేదు, తాకితే చల్లగా ఉన్నారు" అని కేకేసింది. రేవులో ఉన్న ఆడవాళ్లంతా నావైపు తిరిగారు. ఆయన నాకు చుట్టం కాదు, కులం కాదు, మతం కూడా కాదు. అయినా అందరూ నన్నే చూశారు. నా తమ్ముడి బతుకు ఆయన చెప్పే నాలుగు మాటల మీద ఆగి ఉందని రేవంతటికీ తెలుసు.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. "తొమ్మిది రోజులు ఆగలేకపోయారా!" అని అరిచాను. కోర్టు వాయిదా ఆ తొమ్మిదో రోజున. పోయిన మనిషిని పట్టుకొని అంత మాట అన్నాను. అందుకు ఇవాళ్టికీ సిగ్గుపడుతున్నాను. ముందు ఆ సిగ్గు చెప్పుకున్నాకే మిగతా కథ చెప్పాలి.

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే బడి పంతులు గారు రాస్తున్నారు. గొప్పవాళ్లు పోతే పత్రికలో రాస్తారు కదా, ఈయన పోయి నలభై రోజులైనా ఒక్క ముక్క రాలేదేంటండి అని నేనే ఆయన గుమ్మం ముందుకెళ్లి గొడవ పెట్టుకున్నాను. "అయితే నువ్వే చెప్పు" అన్నారు. చెబుతున్నాను. ఆయన మధ్యలో మెత్తటి మాటలు కలపబోతే వద్దంటున్నాను.

మేస్త్రీ గారు పటాలంలో ముప్పై ఏళ్లు పనిచేశారు. తుపాకీ పట్టి నడిచే సిపాయి కాదు. తుపాకీమందు, తూటాలు దాచే కొట్టులో పని, అదే మందుకొట్టు. వచ్చిన పెట్టెలు విప్పడం, ఏ తూటా ఏ తుపాకీదో చూసి వేరు చేయడం, పాడైనవి ఏరి పారేయడం. పటాలం ఊరు వదిలి వెళ్లిపోయినా ఆయన మాత్రం ఇక్కడే గోదారి గట్టున, మా చేపలవాళ్ల పేటకు చివర ఉన్న పెంకుటింట్లో ఉండిపోయారు. భార్యా పిల్లలూ కలరాలో పోయారట. ఆ మాట ఒక్కసారి చెప్పారు, మళ్లీ చెప్పలేదు.

మందుకొట్టు అలవాట్లు ఆయన్ను ముసలితనంలోనూ వదల్లేదు. ఇంట్లోకి వెళ్లే ముందు చెప్పులు బయట విడిచి, అరికాళ్లు దులుపుకొనేవారు. ఒంటి మీద ఇనుము ముక్క ఉండనిచ్చేవారు కాదు. చొక్కాకు కొమ్ము బొత్తాలు. తలుపుకు చెక్క గడియ. ఇనుమూ ఇనుమూ రాసుకుంటే నిప్పు రవ్వ పుడుతుందని భయం. ఇంట్లో చిటికెడు మందు లేకపోయినా ఆ భయం పోలేదు. లంక పొగాకు పండే చోట ఉండి కూడా చుట్ట ముట్టని మగవాడు మా గట్టు మొత్తం మీద ఆయనొక్కడే.

నేనేమో అడ్డపొగ తాగేదాన్ని. చుట్ట నిప్పును నోట్లోపలికి పెట్టుకొని పీల్చడం మా ఆడవాళ్ల అలవాటు. మొదటిసారి ఆయన అరుగు మీద కూర్చుని చేపలు బేరమాడుతుంటే, నా నోట్లోంచి పొగ రావడం చూసి లేచి నిలబడ్డారు.

"అమ్మాయ్, నిప్పెక్కడ?"

"నోట్లో ఉందండి."

"నోట్లో నిప్పు పెట్టుకొని నా వాకిట్లో కూర్చున్నావా! లే, లే, దిగు!"

"నా నోట్లో మందు లేదు లెండి, పేలడానికి."

"నీ నోరు వినే చెబుతున్నాను. అది ఎప్పుడో ఒకప్పుడు పేలుతుంది."

అరవై ఏళ్లదాన్ని పట్టుకొని చివరిదాకా "అమ్మాయ్" అనే పిలిచారు. పిరంగుల మోతకు ఆయన చెవులు సగం పోయాయి. అందుకని ఆయనతో ఏ మాటైనా అరిచి చెప్పాల్సిందే. మా రహస్యాలన్నీ గట్టంతా వినేది.

ఆయన్ను వెతుక్కుంటూ మనుషులు వచ్చేవాళ్లు. పాత తుపాకులున్నవాళ్లు, అడవి కాంట్రాక్టర్లు, జమీందార్ల వేటగాళ్లు, అప్పుడప్పుడూ గుర్రమ్మీద దొరలు. అందరి చేతుల్లోనూ ఏదో ఒక పాత తూటా ఉండేది, అదేంటో వాళ్లకు తెలిసేది కాదు. ఆయన దాన్ని వెంటనే చూసేవారు కాదు. అరచేతిలో వేసుకొని బరువు చూసేవారు. తిప్పి అడుగు చూసేవారు. తరవాత మూతి చూసేవారు. ముక్కు దగ్గర పెట్టుకొని వాసన పీల్చేవారు. ఆఖరున కళ్లు మూసుకొని, కుడిచేతి బొటనవేలి గోరుతో దాని ఒళ్లంతా నెమ్మదిగా తడిమేవారు. ఆ ఒక్క గోరు పొడుగ్గా పెంచుకున్నారు. మిగతా తొమ్మిదీ కురచగా కత్తిరించుకునేవారు. దేవుడి బొమ్మను తాకినట్టు తాకేవారని పంతులు గారు రాయబోయారు. కాదు. చేపల బేరంలో నేను చేప కడుపు నొక్కి చూసినట్టు తాకేవారు.

ఒకసారి ఒక వేటగాడు ఆరేడు రకాల తూటాలు తుండుగుడ్డలో మూటకట్టి తెచ్చాడు. అరుగు మీద గలగలా పోశాడు. మేస్త్రీ గారు అతని చేతి మీద చెళ్లున కొట్టారు. ఆ కుప్పలో ఒకదానికి అడుగున కాకుండా పక్కనుంచి సన్నటి మొల ఒకటి పొడుచుకొచ్చి ఉంది. "ఇది ఫ్రెంచి పరాసుల తుపాకీది. మీట నొక్కితే తుపాకీ సుత్తి దెబ్బ ఈ మొల మీదే పడుతుంది. మొల మీద దెబ్బ పడితే పేలుతుంది. నువ్వు దీన్ని రాళ్లలా పోస్తున్నావు. ఇంటికెళ్లి నీ పెళ్లాం చేతి గాజులకు దణ్ణం పెట్టుకో" అన్నారు. తరవాత ఇంకోటి చేతిలోకి తీసుకున్నారు. అది కాగితంతో చుట్టిన పొట్లం లాంటిది. వాసన చూసి నవ్వారు. "దీన్ని పళ్లతో కొరికి మందు గొట్టంలో పోసుకునేవాళ్లం. నేను కొత్తగా చేరినప్పటిది. దీనికి పూసిందేంటని ఉత్తరాదిన ఎంత గొడవైందో! ఇది తేనెమైనమే, బాబూ, కొవ్వు కాదు. ఇప్పుడు తేలిస్తే ఎవరికి ప్రయోజనం?"

తెలియనిది తెలియదనేవారు. అది ఆయనలో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం. ఒక దొర తెచ్చిన పొట్టి తూటాను పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా తిప్పి తిప్పి చూసి, "నాకు తెలియదండి" అని తిరిగి ఇచ్చేశారు. దొర వెళ్లాక నేను, "ఏదో ఒకటి చెప్పేస్తే పోయేది కదండి, ఆయనకు మాత్రం తెలుసా?" అన్నాను. అప్పుడు చెప్పారాయన. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తూటాను చూసి, తెలియకుండానే సరిపోతుందని చెప్పారట. అది పెట్టి పేల్చిన సిపాయికి నాలుగు వేళ్లు పోయాయట. "ఊహించి చెప్పకూడదమ్మాయ్. తూటా దగ్గర ఊహించకూడదు" అన్నారు.

అంత జాగ్రత్త ఉన్న మనిషికి మేం మా ఇంట్లో ఉన్నవాటి సంగతి దాచాం. అది మా మొదటి తప్పు.

మూడేళ్ల కిందటి వేసవిలో, గోదారి నీళ్లు బాగా తీసినప్పుడు, నా తమ్ముడు పోలవరానికి పైన ఒక ఇసుక మేట దగ్గర వల వేశాడు. వల దేనికో తగులుకుంది. మునిగి చూస్తే కుళ్లిపోయిన చెక్కపెట్టె, దానిలో రేకు పెట్టె, దానినిండా బురదలో పాతుకుపోయిన తూటాలు. కొండల్లో సర్కారు మీద పితూరీ జరిగినప్పుడు పటాలానికి సామాను తీసుకెళ్లే పడవలు ఆ సుడుల్లో మునిగేవని మా నాన్న చెప్పేవాడు. వాటిలో ఒకదాని సామానే అయ్యుంటుంది. తమ్ముడు ఒక గంపెడు తెచ్చాడు. మా వాళ్లలో ఎవరైనా అదే చేస్తారు. నీళ్లలో సీసం దొరికితే అది వలకే. విసురువల అంచుకు బరువుకోసం సీసం పూసలు కట్టుకోవాలి. అవి లేకపోతే వల మునగదు. ఆ తూటాల మూతిలోంచి సీసపు గుళ్లు పీకి, కుండపెంకులో కరిగించి, పూసలు పోసుకున్నాం. సీసం కరిగేటప్పుడు లోపల్నుంచి కాల్చిన మట్టి బిళ్లలు పైకి తేలేవి. నేనే కొబ్బరిచిప్ప గరిటెతో తీసి పెరట్లో పారేశాను. సీసంలోకి మట్టెలా వచ్చిందా అని ఒక్కసారైనా ఆలోచించలేదు.

ఓ డజను మిగిలిపోయాయి. తరవాత చూద్దామని తమ్ముడు అటక మీద కుండలో పడేశాడు. మేస్త్రీ గారికి చెబుతానంటే, "ఆయనకు చెబితే సర్కారుకు అప్పజెప్పమంటాడక్కా, వల ఖాళీ అయిపోతుంది" అన్నాడు. ఊరుకున్నాను.

రెండేళ్లు గడిచాయి. కొండ మీద ఒక పోలీసు ఠాణాను ఎవరో దోచారు. తుపాకీ పోయింది, తూటాలు పోయాయి. గోదారిలో పైకి వెళ్లే పడవలవాళ్ల ఇళ్లన్నీ సోదా చేస్తారని మునసబు గారు మా పేటకు కబురు పంపారు. ఆరోజు తమ్ముడు చేపలకు వెళ్లాడు. ఇంట్లో నేనూ, మరదలూ. నేను ఆలోచించాను. దాచి దొరికితే దొంగతనం అవుతుంది, మనమే ఎదురెళ్లి ఇచ్చేస్తే మర్యాదగా ఉంటుంది అనుకున్నాను. అటక మీంచి కుండ దింపాను. తూటాల ఒంటినిండా పచ్చటి చిలుము. వాటికి పైన చుట్టిన కాగితం కుళ్లి, పేడలా అంటుకొని ఉంది.

మీరే చెప్పండి, చదివే అమ్మలూ. ఇత్తడి వస్తువును చిలుముతో ఎవరైనా పెద్దల ముందు పెడతారా? మా ఇంట్లో పిల్ల పుట్టినా, పెళ్లి కుదిరినా, మునసబు గారు గుమ్మంలోకొచ్చినా మొదట ఇత్తడి తోముతాం. కాగితం గీకి పారేశాను. చింతపండు నానబెట్టి, బూడిద అద్ది, ఒక్కోదాన్నీ మెరిసిపోయేదాకా తోమాను. చేతులు మండాయి. మరదలు, "చాలొదినా, దొరలు వీటిలో అన్నం తింటారా ఏంటి?" అంది. నేను వినలేదు. మా అమ్మ ఇచ్చిన పళ్లెంలో వరసగా పేర్చి, తలుపు దగ్గర పెట్టాను. అవి పదకొండు. పన్నెండోది జారి బియ్యపు కుండ వెనక్కి దొర్లిపోయింది. నేను చూడలేదు.

పోలీసు ఇన్‌స్పెక్టరు గారు వచ్చి పళ్లెం చూశారు. ఒకటి తీసి ఎండలో పెట్టి తిప్పారు. అది బంగారంలా మెరిసింది. "ఎంత కొత్తగా ఉన్నాయో చూశారా" అని మునసబు గారితో అన్నారు. తమ్ముడు పడవ దిగీ దిగకముందే రెక్కలు విరిచి కట్టారు. వాడింకా భుజమ్మీది వల దించలేదు.

నేను మేస్త్రీ గారి దగ్గరికి పరిగెత్తాను. ఇన్నాళ్లు దాచినదంతా గట్టంతా వినేలా అరిచి చెప్పాను. ఆయన వింటూ కూర్చున్నారు. మట్టి బిళ్లల మాట వచ్చేసరికి తలెత్తారు. ఆఖరుకు తోమిన సంగతి చెప్పాను.

"ఏం చేశావ్?"

"తోమానండి."

"దేంతో?"

"చింతపండూ, బూడిదా."

ఆయన రెండు చేతులతోనూ మొహం కప్పుకున్నారు. "తూటాల్ని చింతపండుతో తోమావా! లోపల మందు తడిసి మట్టయింది కాబట్టి బతికి ఉన్నావు. అమ్మాయ్, ఆ చిలుము ఏంటనుకున్నావ్? అది గోదారి రాసిన సాక్ష్యం. పదిహేనేళ్లు నీళ్లలో ఉన్నాయని అది ఒక్కటే చెప్పేది. నువ్వు కడిగేశావు."

ఆయన లేచి వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. ఇంకోసారి తిట్టలేదు. "ఇత్తడి కనిపిస్తే తోమే చేతులు మీవి. అది కోర్టులో దొరకు ఎలా తెలుస్తుంది? నేను చెబుతాను. ఆ తూటాలు కూడా చెబుతాయి. వాటికి ఒళ్లు మిగిలింది కదా" అన్నారు.

బియ్యపు కుండ వెనక పన్నెండోది నాకు మర్నాడు దొరికింది. తమ్ముడికోసం పెట్టుకున్న ప్లీడరు గారి ముందు మేస్త్రీ గారు దాన్ని చేతిలోకి తీసుకున్నారు. కళ్లు మూసుకున్నారు. బొటనవేలి గోరు దాని ఒంటి మీద నడిచి, ఒకచోట టక్కున ఆగింది. "ఇదిగో" అన్నారు. నా వేలు పట్టుకొని అక్కడ పెట్టారు. నాకు ముందు ఏమీ తెలియలేదు. "గోరు పెట్టు. నొక్కకు, జరుపు." జరిపాను. సన్నటి గడపలాంటిది ఒకటి గోరుకు తగిలింది.

"అతుకు. నువ్వు చుట్ట చుడతావు కదా, పొగాకు ఆకుతో? ఇది ఇత్తడి ఆకుతో చుట్టిన చుట్ట. ఈ తుపాకులకు మొదట్లో వచ్చినవన్నీ ఇలాంటివే. పితూరీ నాటికి పటాలంలో ఇవే వాడేవాళ్లం. ఆ తరవాత ఒకే ఇత్తడి ముక్కను చెంబులా సాగదీసి చేయడం మొదలెట్టారు. వాటికి అతుకు ఉండదు." చెక్క పుల్లతో, రాగి రేకుతో, ఇనుము ముట్టకుండా దాన్ని మెల్లగా విప్పారు. మందు నల్లటి ముద్దలా ఊడిపడింది. సీసపు గుండు వెనకనుంచి మట్టి బిళ్ల రాలింది. ఇత్తడి నిజంగానే ఆకులా పరుచుకుంది. కొండ మీద ఠాణాలో మిగిలిన తూటాను కోర్టులో నమూనాగా పెట్టారని, దానికి ఎక్కడా అతుకు లేదని ప్లీడరు గారు అన్నారు. "అయితే గెలిచాం. మేస్త్రీ గారు కోర్టుకొచ్చి ఈ మాటే చెప్పాలి" అన్నారు. ఆరోజు ఇంటికెళ్లి కడుపునిండా అన్నం తిన్నాను.

వాయిదా పడింది. జడ్జి దొరగారు ఊళ్ల మీద మకాం వెళ్లారన్నారు. మళ్లీ వాయిదా పడింది. ఈలోగా మేస్త్రీ గారికి దగ్గు పట్టుకుంది, జ్వరం వచ్చింది, మంచం ఎక్కారు. మంచం దగ్గరికే వచ్చి ఆయన మాట రాసుకోమని ప్లీడరు గారు అర్జీ పెట్టారు. సాక్షి ప్రాణానికి అంత ప్రమాదమేమీ లేదని తిప్పి పంపారు. మేస్త్రీ గారు, "పడవలో పడుకోబెట్టి తీసుకెళ్లమ్మాయ్. నోరుంటే చాలు, కాళ్లతో పనేంటి?" అన్నారు.

మంచం మీదే ఆయన సాక్ష్యం సాధన చేశారు. నన్ను దొరగా కూర్చోబెట్టారు.

"అలా గొంతుక్కూచోకు. దొర గొంతుక్కూచోడు. కాలు మీద కాలు వెయ్."

వేశాను. "నీకెలా తెలుసు?" అని గద్దించాను.

"ముప్పై ఏళ్లు వీటిని చేత్తో చూశానండి."

"కళ్లతో చూడలేదా?"

"మందుకొట్టులో దీపం పెట్టరండి" అన్నారు, పటాలంలో ఉన్నట్టు గెడ్డం పైకెత్తి. తరవాత దగ్గు తెర వచ్చి చాలాసేపు వదల్లేదు. తగ్గాక నా చేతిని తట్టారు. "బాగా దబాయించావు. నిజం దొర కూడా ఇలాగే అడిగితే బాగుండు" అన్నారు. అది నాతో ఆయన నవ్వుతూ మాట్లాడిన ఆఖరు మాట.

ఆయన శవపేటిక చేయడానికి మిషనువాళ్లు ఒక వడ్రంగిని పిలిచారు. నేను వెళ్లేసరికి అతను ఇనుప మేకులు కొడుతున్నాడు. సుత్తి లాక్కున్నాను.

"ఆయనకు ఇనుము తగలకూడదు."

"ఇప్పుడేం పేలుతుందే ముసిలమ్మా?"

"నువ్వు పడవలకు చెక్క మేకులు కొట్టవూ? అవే కొట్టు. లేకపోతే నేనే పేలతాను."

కొట్టాడు, తిట్టుకుంటూనే. గొయ్యిలోకి దించేముందు ఆయన చేతులు రొమ్ము మీద పెట్టారు. ఆ బొటనవేలి గోరు అలాగే ఉంది, అంచున సన్నటి నల్ల గీతతో. నా తమ్ముణ్ని విడిపించే సాక్ష్యం మట్టిలోకి వెళుతోందని నాకు తెలుసు. మనిషికోసం ఏడ్చానో, దానికోసం ఏడ్చానో ఇప్పటికీ చెప్పలేను. పాదిరి గారు ప్రార్థన చేస్తూనే ఉన్నారు.

తొమ్మిదో రోజు వచ్చింది. ప్లీడరు గారు నన్ను సాక్షిగా నిలబెట్టారు. ఇంకెవరున్నారు? పళ్లెంలో ఆ పదకొండూ ఉన్నాయి, నేను తోమినట్టే మెరుస్తూ. పక్కన ఠాణా తూటా ఉంది, అది కూడా మెరుస్తోంది. నేను మేస్త్రీ గారు చెప్పమన్నదంతా చెప్పాను. "గోరుతో తడమండి బాబూ, మీకే తెలుస్తుంది" అన్నాను. దుబాసీ నా మాట దొరకు చెప్పాడు. దొరగారు చెడ్డవారు కాదు. చేతిలోకి తీసుకున్నారు, వేలితో రాశారు. ఆయన గోళ్లు చర్మందాకా కత్తిరించి ఉన్నాయి. ఏమీ తగల్లేదు. పక్కనున్న తుపాకుల ఉద్యోగికి ఇచ్చారు. అతను భూతద్దం పెట్టి చూసి, గీత కనిపించిందని ఒప్పుకున్నాడు. నా గుండె లేచింది. అది అతుకు కాదు, ఇసుకతో రుద్దితే పడిన గీత అన్నాడు.

"నువ్వు వీటిని రుద్దావా?" అని దుబాసీ అడిగాడు.

"బూడిదతోనండి, ఇసుకతో కాదు."

"రుద్దావా, లేదా?"

"రుద్దానండి."

రాసుకున్నారు.

"పదకొండింటికీ ఒకేచోట గీత పడుతుందా బాబూ? నా చేతుల్లో అంత పనితనముందా?" అన్నాను. దుబాసీ ఆ మాట దొరకు చెప్పలేదు. అడిగినదానికే జవాబు చెప్పమన్నాడు. ఒకదాన్ని విప్పి చూడమన్నాను, ఇత్తడి ఆకులా విచ్చుకొని మట్టి బిళ్ల రాలకపోతే నన్నే జైల్లో పెట్టమన్నాను. కోర్టులో ఉన్న సొత్తును పాడుచేయకూడదట. మేస్త్రీ గారు విప్పిన రేకు కొంగులోంచి తీశాను. అది ఆ పళ్లెంలోది కాదు, ఎక్కడినుంచి తెచ్చావో ఎవరికి తెలుసు అన్నారు. మేస్త్రీ గారి పేరు చెప్పాను. ఆయన ఎక్కడ అని అడిగారు.

తమ్ముడికి ఏడేళ్లు వేశారు. వాడికి నలభై ఎనిమిది. తీసుకెళ్తున్నప్పుడు వాడు నావైపు చూసి, "తోమకుండా ఉండాల్సిందే అక్కా" అన్నాడు. తిట్టలేదు. వల ఎండలో పెట్టమని చెప్పినట్టు చెప్పాడు. ఆ మాట ఇప్పుడు నా అన్నంలో ఉంది, నా నీళ్లలో ఉంది. చెన్నపట్నం పెద్దకోర్టుకు ఇంకో కాగితం పంపవచ్చు, కానీ దానిలో కొత్తగా రాయడానికేం ఉందని ప్లీడరు గారు అంటున్నారు. నేను ఆయన ఇంట్లో అడుగుపెట్టినప్పుడల్లా ఆయన తల వంచుకుంటున్నారు. ఇంక నేనే వెళ్లడం మానేశాను.

మేస్త్రీ గారూ, ఆరోజు రేవులో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీరు ఆగగలిగినన్ని రోజులు ఆగారు. మీకు తెలిసినదాన్ని మీరొక్కరే మోశారు, మాలాంటి వాళ్లం దాని దగ్గరికి పోకుండా నిప్పు నోట్లో పెట్టుకొని నవ్వుకున్నాం. చివరికి నాకు కొంచెం నేర్పారు. అది నేర్చుకున్న చెయ్యి ఎవరికీ అక్కర్లేని చెయ్యి. మీలాగే బొటనవేలి గోరు పెంచుదామని చూశాను. చేపల పొలుసు తీసేదాని చేతికి గోరు నిలుస్తుందా? పెరిగినప్పుడల్లా ఏదో ఒక చేప మొప్పలో విరిగిపోతోంది.

మీరు విప్పిన ఇత్తడి ఆకు ఒక్కటే నా దగ్గర మిగిలింది. నది గాలి తగిలే కిటికీ గూట్లో పెట్టాను. దానికి ఒక అంచున పచ్చగా చిలుము మొదలైంది. చింతపండు పిసికిన చెయ్యి కడుక్కోకముందే దానివైపు వెళుతుంది. పట్టుకొని ఆపుతున్నాను. ఆ పచ్చదనం రోజూ గింజంత మేర ముందుకొస్తోంది.